పాలు తగ్గించాక అన్నం తిన్నాడు

మా చిన్నోడికి రెండున్నరేళ్లు. అన్నం ముద్ద చూస్తే చాలు, మొహం తిప్పేసేవాడు. తినలేదు కదా అని ఇంకో సీసా పాలు పట్టేదాన్ని. ఒకరోజు లెక్కేస్తే దాదాపు లీటరు! రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగా తక్కువగా, 9 వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. పాలలో ఐరన్ చాలా తక్కువని, ఈ వయసుకి రోజుకి అర లీటరు మించొద్దని చెప్పి, డాక్టరు ఐరన్ సిరప్ రాశారు.

సీసా మాన్పించి, అన్నం తిన్నాకే చిన్న స్టీలు గ్లాసులో పాలు ఇచ్చాను. మూడు రోజులు ఒకటే ఏడుపు. మా అత్తయ్య "పాపం, పట్టమ్మా" అంటుంటే తట్టుకోవడం ఇంకా కష్టమైంది. నాలుగో రోజు పప్పన్నంలో నెయ్యి వేసి పెడితే తనే "ఇంకా" అన్నాడు. ఇప్పుడు తోటకూర పప్పులో నిమ్మరసం పిండుతున్నాను, ఐరన్ ఒంటికి బాగా పడుతుందని. సిరప్ మాత్రం పాలతో కలిపి ఇవ్వను.