ఫైండ్‌లో పర్మిషన్ పెట్టి వెతికితే లెక్క తప్పుతోందా? సమస్య - పరిష్కారం

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు మిల్లు ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో, ఫొటో స్టూడియోల్లో ఉబుంటు వేసిన పీసీ ఒకటి సర్వర్‌గా నడుస్తుంటుంది. దాన్ని చూసుకునే పిల్లగాళ్లు నాకు ఫోన్ చేస్తే సాధారణంగా రెండే మాటలు. "అన్నా, ఫైల్ ఉన్నది గానీ ఫైండ్ చూపిస్తలేదు." "అన్నా, సీహెచ్‌మోడ్ కొట్టిన, మళ్లా గవే ఫోల్డర్లు వస్తున్నయ్." ఫైండ్ అంటే ఫైళ్లను వెతికే ఆదేశం, సీహెచ్‌మోడ్ అంటే పర్మిషన్ (ఎవరు చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అన్నది) మార్చే ఆదేశం. నేను తిరిగి అడిగేది ఒక్కటే: స్టాట్ కొట్టి చూసినవా? చూసి ఉండరు. ఫైండ్ ఆదేశాన్ని మార్చి మార్చి కొడతారు, ఇంటర్నెట్‌లో దొరికిన ఇంకో లైన్ తెచ్చి అతికిస్తారు, అసలు ఆ ఫైల్‌కి ఏ నంబర్ ఉందో మాత్రం చూడరు.

ఆదేశాలన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే కొట్టండి. గుర్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

స్టాట్ -సి '%ఏ %ఎన్' ఫైల్‌పేరు

ఇది పర్మిషన్ నంబర్‌ను, పేరును చూపిస్తుంది. నంబర్‌లో చివరి మూడంకెలు వరసగా ఓనర్, గ్రూపు, బయటివాళ్ల హక్కులు. ఒక్కో అంకెలో చదవడానికి 4, రాయడానికి (రైట్) 2, నడపడానికి (ఎగ్జిక్యూట్) 1 కలుస్తాయి. ఇలాంటి ఒక్కో హక్కునే బిట్ అంటాం. మీకు దొరకని ఫైల్ ఒకదాన్ని పట్టుకుని దీన్ని కొట్టండి. వచ్చింది మూడంకెలా, నాలుగంకెలా అన్నది కూడా గమనించండి.

ఫైల్ కళ్ల ముందే ఉంది, ఫైండ్‌కి దొరకదు

ఫైండ్‌లో పర్మిషన్‌తో వెతికించే ఆప్షన్ -పెర్మ్. దాని తర్వాత నంబర్ ముందు ఏ గుర్తు ఉందో చూడండి. చాలామంది దగ్గర సమస్య ఇక్కడే తేలిపోతుంది. గుర్తేమీ లేకపోతే ఫైండ్ అచ్చంగా అదే నంబర్ ఉన్నవాటిని మాత్రమే ఇస్తుంది. మైనస్ పెడితే, మీరు చెప్పిన బిట్లన్నీ ఉండాలి, మిగతావి ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు. స్లాష్ పెడితే, చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు.

ఎవరు నడిపినా రూట్ (అడ్మిన్) హక్కుతో నడిచే, అంటే 4000 బిట్ ఉన్న ప్రోగ్రాములు ఏవేవి ఉన్నాయో చూద్దామని ఇలా కొడతారు:

ఫైండ్ /యూఎస్ఆర్ -టైప్ ఎఫ్ -పెర్మ్ 4000

ఏమీ రాదు. "మన సర్వర్ సేఫ్" అనుకుని మూసేస్తారు. పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రామ్ అదే /యూఎస్ఆర్/బిన్‌లో 4755తో ఉంటుంది. 4755 వేరు, 4000 వేరు, కాబట్టి ఫైండ్ దాన్ని వదిలేసింది. -పెర్మ్ -4000 అని కొడితే వస్తుంది.

స్లాష్, మైనస్ తారుమారైతే ఇంకా ప్రమాదం. ఓనర్ కాకుండా వేరేవాళ్లు రాయగల ఫైళ్ల కోసం -పెర్మ్ -022 కొట్టారనుకోండి. గ్రూపుకి, బయటివాళ్లకి ఇద్దరికీ రైట్ ఉన్నవే వస్తాయి. గ్రూపుకి మాత్రమే రైట్ ఉన్న 664 ఫైల్ జాబితాలోకి రాదు. అక్కడ మీకు కావాల్సింది -పెర్మ్ /022. పాత బ్లాగుల్లో స్లాష్ స్థానంలో ప్లస్ కనిపిస్తుంది. లినక్స్‌లో ఉండే గ్నూ ఫైండ్ 2005 నుంచే దాన్ని వద్దంటోంది, ఇప్పుడు పూర్తిగా తీసేశారు. లినక్స్‌లో స్లాషే వాడండి.

అక్షరాలతో రాసేవాళ్లకీ ఇదే నియమం. -పెర్మ్ జి=డబ్ల్యూ అంటే గ్రూపు రైట్ తప్ప ఇంకేమీ లేని, అంటే 020 ఉన్న ఫైల్ అని. అలాంటిది ఎవరి దగ్గరా ఉండదు. ముందు మైనస్ పెట్టండి.

ఎక్కడ చూసినా 777 వస్తోంది

టెన్షన్ పడకండి. అవి సింబాలిక్ లింకులు, అంటే వేరే ఫైల్‌కి దారి చూపే షార్ట్‌కట్లు. లినక్స్‌లో లింకు పర్మిషన్ ఎప్పుడూ 777గానే కనిపిస్తుంది, దానికి విలువ లేదు. అసలు ఫైల్ పర్మిషనే లెక్క. -టైప్ ఎఫ్ (మామూలు ఫైళ్లు మాత్రమే) కలపండి, పోతాయి. సీహెచ్‌మోడ్ -ఆర్ 755 (ఈ ఆర్ ఒక్కటి పెద్దక్షరం, లోపలివన్నీ మార్చేస్తుంది) అని మొత్తం మీద కొట్టకండి. ఫొటోలకీ, ఎక్సెల్ షీట్లకీ ఎగ్జిక్యూట్ బిట్ వచ్చి కూర్చుంటుంది.

సీహెచ్‌మోడ్ కొట్టినా మళ్లీ అవే ఫోల్డర్లు

నన్ను అన్నిటికన్నా ఎక్కువ సతాయించింది ఇదే. ఎర్రర్ రాదు, ఆదేశంలో తప్పుండదు, అయినా పని కాదు.

రైస్ మిల్లు ఆఫీసులో ధాన్యం లెక్కల ఫోల్డర్ ఒకటి అందరూ వాడుతుంటారు. లోపల సీజన్ల వారీగా, రైతుల వారీగా సబ్‌ఫోల్డర్లు. 755 లేనివాటిని పట్టుకుని సరిచేద్దామని ఇలా కొడతారు (-టైప్ డి అంటే ఫోల్డర్లు, ! అంటే కానివి):

ఫైండ్ . -టైప్ డి ! -పెర్మ్ 755 -ఎగ్జెక్ సీహెచ్‌మోడ్ 755 {} +

కిమ్మనకుండా అయిపోతుంది. సరి చూద్దామని ఎగ్జెక్ భాగం తీసేసి మళ్లీ కొడితే అవే ఫోల్డర్లు, ఒక్కటీ తగ్గదు. సుడో (అడ్మిన్ హక్కుతో నడపడం) పెట్టినా అంతే. ఇక్కడ కొందరు డిస్క్ పాడైందంటారు, కొందరు రీస్టార్ట్ చేస్తారు.

అందులో ఒక ఫోల్డర్ మీద స్టాట్ కొట్టండి. 755 రాదు, 2755 వస్తుంది. ఎల్ఎస్ -ఎల్‌డి కొట్టి మొదట్లో వచ్చే పది అక్షరాల్లో ఏడోది చూడండి. గ్రూపు ఎక్స్ ఉండాల్సిన చోట ఎస్ ఉంటుంది. అదే ఎస్‌జీఐడీ బిట్.

ఫోల్డర్ మీద ఆ బిట్ ఉంటే, లోపల ఎవరు కొత్త ఫైల్ చేసినా దానికి ఫోల్డర్ గ్రూపే వస్తుంది, చేసినవాళ్ల సొంత గ్రూపు రాదు. లోపల కొత్త ఫోల్డర్ చేస్తే ఆ బిట్ దానికీ అంటుకుంటుంది, దాని లోపల చేసినదానికీ అంటుకుంటుంది. ఎప్పుడో షేరింగ్ కోసం పై ఫోల్డర్‌కి ఒక్కసారి పెట్టి ఉంటారు, అది కిందిదాకా పాకిపోతుంది. అదే డిస్క్‌లో వేరే చోట చేసి ఇక్కడికి ఎంవీతో జరిపిన ఫోల్డర్లకు మాత్రం రాదు. అందుకే ఒకే చోట కొన్ని 755, కొన్ని 2755 కనిపించి బుర్ర తిరుగుతుంది.

ఫైండ్ నాలుగంకెల్నీ పోలుస్తుంది కాబట్టి 2755ని 755 కాదంటుంది. అది న్యాయమే. మెలిక సీహెచ్‌మోడ్‌లో ఉంది. గ్నూ సీహెచ్‌మోడ్‌కి మామూలు ఫైల్ మీద 755 చెప్తే ఎస్‌జీఐడీ తీసేస్తుంది. ఫోల్డర్ మీద అదే 755 చెప్తే మిగతా బిట్లు మార్చి ఎస్‌జీఐడీని కావాలనే ఉంచేస్తుంది, షేర్డ్ ఫోల్డర్లు పొరపాటున చెడిపోకూడదని. ముందు సున్నా పెట్టి 0755 అన్నా తీయదు. రెండు సున్నాలు పెట్టి 00755 అంటే తీస్తుంది. మాన్యువల్‌లో రాసే ఉంది గానీ అక్కడిదాకా ఎవరూ వెళ్లరు.

పరిష్కారానికి ముందు ఆ బిట్ కావాలో వద్దో తేల్చుకోండి. మిల్లు ఆఫీసులాంటి చోట కావాలి. తీసేస్తే రేపు గుమస్తా చేసిన బిల్లు ఆయన సొంత గ్రూపులోకి వెళ్తుంది, గోదాములో కూర్చున్నాయనకు తెరుచుకోకపోవచ్చు. ఫోన్ మళ్లీ మీకే వస్తుంది. బిట్ ఉంచి, వెతికే తీరు మార్చండి. ఎస్‌జీఐడీ ఉన్నా లేకపోయినా మామూలు పర్మిషన్ 755 ఉన్నవి కావాలంటే:

ఫైండ్ . -టైప్ డి -పెర్మ్ -755 ! -పెర్మ్ /022

755లోని బిట్లన్నీ ఉండాలి, 755లో లేని ఆ రెండు రైట్ బిట్లలో ఏదీ ఉండకూడదు అని దీని అర్థం. ముందున్న ప్రత్యేక అంకెను ఫైండ్ ఇక పట్టించుకోదు. సరిగా లేనివే కావాలంటే ఈ రెండు షరతుల్నీ \( \) మధ్య పెట్టి, ముందు ఆశ్చర్యార్థకం పెట్టండి. గుర్తులకు అటూ ఇటూ ఖాళీ వదలడం మరవకండి.

బిట్ నిజంగా అక్కర్లేదనుకుంటే, ముందు జాబితా చూసి ఆ తర్వాతే తీయండి:

ఫైండ్ . -టైప్ డి -పెర్మ్ -2000
ఫైండ్ . -టైప్ డి -పెర్మ్ -2000 -ఎగ్జెక్ సీహెచ్‌మోడ్ జి-ఎస్ {} +

పై ఫోల్డర్‌కి మాత్రమే తీసి ఊరుకుంటే కుదరదు. ఇప్పటికే అంటుకున్న లోపలి ఫోల్డర్లలో అలాగే ఉంటుంది.

జాబితా సగమే వచ్చింది

రెండు పర్మిషన్ల మధ్య -ఓ (లేదా అని అర్థం) పెట్టి చివర్లో -ఎగ్జెక్ పెడితే, అది రెండోదానికే వర్తిస్తుంది. మొదటిది దొరికినా మీకు చూపించదు. రెండిటినీ \( \) మధ్య పెట్టండి. 4000, 2000 రెండూ వెతకడానికైతే అదీ అక్కర్లేదు, -పెర్మ్ /6000 చాలు.

చివర్లో 2>/డెవ్/నల్ పెట్టడం అందరికీ అలవాటైపోయింది. మీకు ప్రవేశం లేని ఫోల్డర్ల గురించి ఫైండ్ చెప్పే మాటల్ని అది మింగేస్తుంది. లోపల ఏముందో వెతకకుండానే "లేదు" అనుకుంటారు. మొదటిసారి అది లేకుండా, సుడోతో నడపండి.

అరుదైనవి

ఎల్ఎస్‌లో పర్మిషన్ చివర ప్లస్ కనిపిస్తే ఏసీఎల్, అంటే ఒక్కొక్కరికి విడిగా ఇచ్చిన హక్కుల జాబితా, ఉన్నట్టు. అప్పుడు మధ్య అంకె గ్రూపు హక్కు కాదు, మాస్క్, అంటే ఆ హక్కులకు పై హద్దు. అసలు సంగతి గెట్‌ఎఫ్‌ఏసీఎల్ చెప్తుంది. మీరు ఆ ఫైల్‌లో రాయగలరా అన్నదే ప్రశ్నైతే -పెర్మ్ వదిలేసి -రైటబుల్ వాడండి.

ఎన్‌టీఎఫ్ఎస్ హార్డ్ డిస్క్ గానీ, ఎఫ్ఏటీ పెన్‌డ్రైవ్ గానీ పెట్టి వెతికితే దాదాపు అన్నిటికీ ఒకే నంబర్ వస్తుంది. అది ఫైళ్లది కాదు, మౌంట్ చేసినప్పుడు (డ్రైవ్‌ను సిస్టమ్‌కి కలిపినప్పుడు) ఎఫ్‌మాస్క్, డీమాస్క్ ఆప్షన్ల నుంచి వచ్చింది. అక్కడ సీహెచ్‌మోడ్‌తో కుస్తీ పట్టకండి, ఆ ఆప్షన్లు మార్చి మళ్లీ మౌంట్ చేయండి.