‘మర్ఫీస్ వార్’ను ఎలా చూడాలి?

పీటర్ యేట్స్ దర్శకత్వంలో 1971లో వచ్చిన ఈ చిత్రాన్ని యుద్ధపు హడావుడి కోసమే చూస్తే సగం చేజారిపోతుంది. ఒక మనిషి పగ ఎంతవరకు న్యాయంగా ఉంది, ఎక్కడ గీత దాటింది అన్నది కనిపెడుతూ చూడాలి.

ముందుగా, ఆరంభాన్ని దాటవేయకండి. వెనెజులాలోని ఒరినోకో నది ప్రాంతంలో జర్మన్ జలాంతర్గామి ఒక వాణిజ్య నౌకను ముంచి, నీళ్లలో ప్రాణాలకోసం కొట్టుకుంటున్నవారిని సైతం మరతుపాకులతో కాల్చి చంపుతుంది. తప్పించుకున్న మర్ఫీ ఐరిష్ మెకానిక్. ఆ పాత్ర పీటర్ ఓటూల్‌ది. ఆ తరువాత జలాంతర్గామి కెప్టెన్, గాయపడి మంచాన ఉన్న పైలట్‌ను కూడా చంపుతాడు. ఈ రెండు ఘట్టాలూ మనసులో నిలవకపోతే, చివరికి వచ్చేసరికి మర్ఫీని పిచ్చివాడని తేలిగ్గా తీసిపారేస్తాం.

అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసింది విమానం ఎగిరే ఘట్టం. విమానం నడపడం తెలియని మర్ఫీ, నీటిమీద తేలే పాత ‘గ్రమ్మన్ డక్’ విమానాన్ని బాగుచేసుకుని నదిమీద పరుగెత్తిస్తాడు. మాటలు తక్కువ, ఇంజను హోరు, ఎగజిమ్మే నీళ్లు, మీదికి వచ్చేస్తున్న చెట్లు, వాటి మధ్య భయంతో, ఉత్సాహంతో వెలిగిపోయే ఓటూల్ ముఖం. మనకు తెలియకుండానే అతని పక్షాన చేరిపోయేది ఇక్కడే కాబట్టి, ఆ సంబరంలో మన వాటా ఎంతో గమనించుకోవాలి.

జర్మనీ లొంగిపోయిందన్న వార్త 1945 మే నెలలో అక్కడికీ చేరుతుంది. వీలైతే అక్కడ చిత్రాన్ని ఆపి, ఇక మర్ఫీ సాధించవలసింది ఏముందని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. దుర్యోధనుడు పడిపోయాక కూడా రాత్రివేళ శిబిరంలోకి చొరబడిన అశ్వత్థామ కథ ఎరిగిన మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అక్కడినుంచి మర్ఫీకన్నా అతని చుట్టూ ఉన్నవారిని ఎక్కువగా చూడండి: సియాన్ ఫిలిప్స్ పోషించిన వైద్యురాలు అతన్ని వారించడం, ఫిలిప్ న్వారే పోషించిన లూయీ ఇష్టం లేకపోయినా సాయపడుతూనే క్రమంగా వెనక్కి తగ్గడం. నా దృష్టిలో చిత్రానికి తూకం న్వారే నటనే.

రెండోసారి చూసేటప్పుడు జర్మన్ కెప్టెన్ వైపునుంచి చూడండి. అతని క్రూరత్వం తగ్గదు గానీ, వార్త విన్నాక అతని ప్రవర్తనకూ మర్ఫీ ప్రవర్తనకూ ఉన్న తేడా స్పష్టమవుతుంది. తెరమీది జలాంతర్గామి నిజమైనదే, వెనెజులా నౌకాదళానికి చెందిన ‘కారీతే’. అందుకే అది నదిలో పైకి తేలిన ప్రతిసారీ అంత బరువుగా కనిపిస్తుంది.