వైన్‌షాపు టెండరు వేసే ముందు ఒక్క మాట: పేరు ఎవరిది?

మొన్న మాకు తెలిసినవాళ్ళ మధ్య ఒక పంచాయితీ జరిగింది. ఐదుగురు స్నేహితులు తలా నలభై వేలు వేసి, వాళ్ళలో ఒకడి బావమరిది పేరు మీద షాపుకి దరఖాస్తు పెట్టారు. డిప్పు, అంటే షాపు ఎవరికో తేల్చే లాటరీ, తగిలింది. ఆ రాత్రి అందరూ కలిసి బిర్యానీ తిన్నారు. ఇప్పుడు బావమరిది ఏమంటున్నాడంటే, "మీ నలభై వేలు మీకిచ్చేస్తా, షాపు మాత్రం నాది". కాగితాల ప్రకారం అతను చెప్పేది నిజమే. లైసెన్సు ఫీజు మొదటి వాయిదాకి వీళ్ళు ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి ఇచ్చిన డబ్బు ఎక్కడా రాసి లేదు.

ఆంధ్రాలో ఇప్పటి పాలసీ గడువు 2026 సెప్టెంబరు 30. తర్వాత మళ్ళీ ఇదే హడావుడి మొదలవుతుంది కాబట్టి ముందే రాస్తున్నా. నేను కొన్నేళ్ళు షాపుల లెక్కలు రాశాను. ఆధార్ జిరాక్సు, ఫోటోల సంగతి మీకు తెలుసు, వదిలేద్దాం.

పేరు సంగతి

లైసెన్సు ఎవరి పేరున ఉంటే ఎక్సైజు వాళ్ళకి అతనొక్కడే తెలుసు. మీరు వెనకాల పది లక్షలు పెట్టారా, కోటి పెట్టారా అన్నది వాళ్ళకి అనవసరం. "బాండు పేపరు రాయించుకున్నాం కదా" అంటారు. లైసెన్సు షరతులు దాటి పెట్టుకున్న భాగస్వామ్యం చెల్లదని కోర్టులు ఇదివరకే చెప్పాయి, ఆ పేపరు పట్టుకుని వెళ్తే మీ తప్పు మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. నలుగురూ కలిసి చెయ్యాలనుకుంటే నోటిఫికేషన్ చదవండి, భాగస్వామ్య సంస్థ పేరుతో వెయ్యనిస్తారేమో లాయరుని అడగండి, అదీ డబ్బు కట్టకముందే. డిప్పు తగిలాక అడిగితే లాభం లేదు, అప్పటికే పేరు పడిపోయి ఉంటుంది.

డబ్బు సంగతి

దరఖాస్తు ఫీజు తిరిగి రాదు. 2024లో ఆంధ్రాలో 3,396 షాపులకి 89,882 దరఖాస్తులు పడ్డాయి, ఒక్కోదానికి రెండు లక్షలు. సగటున ఒక షాపుకి 26 మంది, అంటే 25 మంది డబ్బు పోయినట్టే. తెలంగాణలో 2025లో ఆ ఫీజు మూడు లక్షలు చేశారు. వడ్డీకి తెచ్చి కట్టకండి.

పోయినవాళ్ళ బాధ అక్కడితో ఆగుతుంది. నేను చూసినంతలో దెబ్బతిన్నవాళ్ళు ఎక్కువగా తగిలినవాళ్ళే. 2024లో డ్రా అక్టోబరు 14న, షాపులు తెరిచింది 16న. మధ్యలో ఉన్నది రెండు రోజులు! ఆ హడావుడిలో మొదటి వాయిదా కట్టాలి, గది చూడాలి, సరుకుకి డబ్బు సర్దాలి. ఏడాదికి 50 లక్షల నుంచి 85 లక్షల లైసెన్సు ఫీజు మరి. సరిగ్గా అప్పుడే "నేను సర్దుతాలే అన్నా" అంటూ ఒకడు వస్తాడు, మీరు నోటిమాట మీద వాటా ఇచ్చేస్తారు. మళ్ళీ అదే తప్పు, ఈసారి పేరు మీది, డబ్బు వాడిది.

ఇక వరసగా చెప్తా.

కమీషన్ లెక్క కాగితం మీద నమ్మకండి. ఆంధ్రాలో 20 శాతం వస్తుందని దిగినవాళ్ళు చేతికి అంత రావట్లేదని నెలల తరబడి మొత్తుకున్నాకే, చేతికొచ్చేదాన్ని 14 శాతానికి పెంచారు.

గుడికి, బడికి, ఆసుపత్రికి దూరం టేపు పెట్టి కొలిపించండి, కంటి అంచనా పనికిరాదు. హైవే పక్క ఊరైతే, హైవేకి షాపు ఇంత దూరం ఉండాలని సుప్రీంకోర్టు చెప్పిన 220 మీటర్లు, 500 మీటర్ల లెక్కలో మీ ఊరు ఎందులోకి వస్తుందో, అసలు వస్తుందో రాదో ముందు తేల్చుకోండి.

షాపు తగిలిందని తెలిశాక గది అద్దె మాట్లాడితే ఓనరు రెట్టింపు చెప్తాడు. ముందే మాట్లాడండి, డిప్పు తగిలితేనే అని షరతు రాయించుకుని.

డిప్పులో పేరు వచ్చేలా చేస్తానన్నవాడికి రూపాయి ఇవ్వద్దు.

గుడ్‌విల్ ఇస్తాం, షాపు మాకిచ్చెయ్ అని సిండికేటు వాళ్ళు వస్తారు. డబ్బు తీసుకుని ఇంట్లో కూర్చున్నా పేరు మీదే. అక్కడ ఎమ్మార్పీ మీద పది రూపాయలు ఎక్కువ లాగినా, బెల్టుషాపుకి పెట్టెలు పంపినా నోటీసు మీ ఇంటికే వస్తుంది.

సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు ఎవరికీ ఇవ్వద్దు. బావకైనా సరే.

భార్య పేరు మీద వేస్తున్నారా? ఆవిడకి మొత్తం చెప్పండి. బకాయి పడితే భూమి శిస్తు బకాయిలాగే ఆస్తి మీద వసూలు చేస్తారు, ఆవిడ పుట్టింటివాళ్ళు ఇచ్చిన పొలం కూడా అందులోకి వస్తుంది.