మంచుకొండల రోప్‌వే ఎక్కబోయే విశాఖవాసులకు కొన్ని జాగ్రత్తలు

వేసవి సెలవులు దగ్గరపడేసరికి విశాఖలో చాలా ఇళ్లలో కాశ్మీర్‌లోని గుల్మార్గ్ మాట వినిపిస్తుంది. విమానం టికెట్లు, హోటళ్లు, స్వెట్టర్లు నెలల ముందే సిద్ధమవుతాయి. రోప్‌వే గురించి మాత్రం ఎవరూ పెద్దగా ఆలోచించరు. కైలాసగిరిలో ఎక్కాం కదా, ఇదీ అలాంటిదే అనుకుంటారు. కైలాసగిరి ఎత్తు రెండు వందల మీటర్లు కూడా ఉండదు. గొండోలా అని పిలిచే గుల్మార్గ్ రోప్‌వే మొదలయ్యే చోటే సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. మొదటి దశలో కొంగ్‌దూరి దగ్గర దాదాపు 3,100 మీటర్లకు, రెండో దశలో అఫర్వాత్ కొండ మీద 3,900 మీటర్లు దాటిన చోటికి చేరుస్తారు. క్యాబిన్‌లో కూర్చునే సమయం రెండూ కలిపి అరగంట లోపే.

ఆ వేగంతోనే చిక్కు. నడిచి ఎక్కేవారిని ఆయాసమే ఆపేస్తుంది. కూర్చుని వెళ్లేవారిని ఏదీ ఆపదు. నాలుగు వేల మీటర్ల దగ్గర గాలి పీడనం మన బీచ్ రోడ్డులో ఉండేదానిలో దాదాపు 60 శాతమే. ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గిపోతుంది. లంబసింగి చలి చూసినవాళ్లం, మాకేమవుతుందని కొందరు ధీమాగా ఉంటారు. లంబసింగి ఎత్తు వెయ్యి మీటర్ల చిల్లర. అక్కడ వణికించేది చలి ఒక్కటే, గాలి అంతగా పలచబడదు.

కాబట్టి శ్రీనగర్‌లో దిగిన రోజే గుల్మార్గ్ వెళ్లి రెండో దశ ఎక్కేయకండి. ఒక రాత్రి శ్రీనగర్‌లోనో గుల్మార్గ్‌లోనో పడుకుని, మర్నాడు ఉదయం ఎక్కండి. మొదటి దశలో దిగాక కాసేపు ఆగి, ఇంటివాళ్లందరూ ఎలా ఉన్నారో చూసుకున్నాకే రెండోదానికి కదలండి. పైకి చేరాక పరుగెత్తకూడదు, పిల్లల్నీ పరుగెత్తనివ్వకూడదు. గంటసేపు ఉండి దిగిపోతే ఆరోగ్యంగా ఉన్నవారికి సాధారణంగా ఆయాసం, కాస్త తల తేలిపోవడం తప్ప ఏమీ కాదు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, బాగా రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు, ఈమధ్యే ఆపరేషన్ అయినవారు మాత్రం విశాఖలోనే డాక్టరును అడిగి బయలుదేరాలి. కొండ కింద రోప్‌వే వరుసలో నిలబడి ఆలోచించుకోవలసిన విషయం కాదిది.

మన మన్యం ప్రాంతాల వారికి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. అరకు, పాడేరు వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ లక్షణం (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే జబ్బు తాలూకు జన్యువు ఒకటి మాత్రమే ఉండటం) ఎక్కువగా కనిపిస్తుంది. జబ్బు లేకుండా లక్షణం మాత్రమే ఉన్నవారు మామూలుగా ఆరోగ్యంగానే తిరుగుతారు. చాలామందికి తమకది ఉన్నట్టే తెలియదు. అలాంటివారికి ఎత్తైన చోట ప్లీహానికి రక్తం అందక హఠాత్తుగా ప్రమాదం రావచ్చు. రక్తపరీక్ష చిన్నది, ప్రయాణానికి ముందే చేయించుకోండి. పైన ఉండగా ఎడమవైపు పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి వస్తే గ్యాస్ నొప్పిలే అని సర్దుకోకుండా వెంటనే దిగిపోవాలి.

బాగా ఎత్తైన చోటే రాత్రి బస ఉంటే లెక్క మారుతుంది. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం సాధారణంగా ఎత్తుకు చేరిన కొన్ని గంటల తర్వాతే మొదలవుతాయి. సోన్‌ప్రయాగ్ నుంచి కేదార్‌నాథ్‌కు 12.9 కిలోమీటర్ల రోప్‌వేకు కేంద్ర మంత్రివర్గం 2025 మార్చిలో ఆమోదం తెలిపింది. ఎనిమిది తొమ్మిది గంటల ప్రయాణం 36 నిమిషాలకు తగ్గుతుందని అప్పుడు ప్రకటించారు. అది పూర్తయ్యాక మన పెద్దవాళ్లు ఎందరో సుఖంగా స్వామి దర్శనం చేసుకుంటారు, చాలా సంతోషం. కానీ 3,500 మీటర్లు దాటిన చోట వారి ఒంటికి అలవాటుపడే వ్యవధి ఉండదు. అందుకే కింద ఒకటి రెండు రాత్రులు ఆగే ఏర్పాటు ఇప్పటినుంచే మన యాత్రల అలవాటులోకి రావాలి. పైన ఎవరైనా తూలుతున్నట్టు అనిపిస్తే, మడమను బొటనవేలికి ఆనిస్తూ నేల మీద గీత గీసినట్టు పది అడుగులు వేయమనండి. వేయలేకపోతే, లేదా కదలకుండా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, ఆ క్షణమే కిందికి తీసుకువెళ్లాలి. దుకాణంలో కొన్న చిన్న ఆక్సిజన్ డబ్బా కాసేపు ఊరటనిస్తుందే గాని కిందికి దిగడానికి బదులు కాదు. ఎత్తు వల్ల వచ్చే అస్వస్థత రాకుండా వేసుకునే అసెటజోలమైడ్ మాత్రలు పక్కింటివారు వాడారని మీరూ వాడకండి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇక రోప్‌వే సంగతి. అది మధ్యలో ఆగితే చాలామంది భయపడతారు, కొందరు సిబ్బంది మీద కేకలేస్తారు. ఓడరేవులో క్రేన్ల వైర్ రోప్‌ల పనిలో ఉన్నవాడిగా నేను గట్టిగా చెప్పగలిగింది ఇదే: ఆగగలిగిన యంత్రమే మంచి యంత్రం. ఇటలీలోని మొత్తారోనె కొండ మీద 2021 మే 23న క్యాబిన్‌ను లాగే తాడు తెగి 14 మంది చనిపోయారు. అలాంటి సమయంలో పట్టుకోవలసిన అత్యవసర బ్రేకు అక్కడ ఉంది. కానీ అది మాటిమాటికీ పడి రోప్‌వే ఆగిపోతోందని, పడకుండా ముందే అడ్డు బిగించి ఉంచారు. ఆ వార్త చదివినప్పుడు కలిగిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

గాలి బలం విశాఖవారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కూల్చిన చెట్లు మన కళ్లముందే ఉన్నాయి. గుల్మార్గ్‌లో 2017 జూన్ 25న ఈదురుగాలికి ఒక పెద్ద చెట్టు కూలి రోప్‌వే తాడు మీద పడింది. క్యాబిన్‌లోంచి కిందపడి, మొత్తం ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. గాలి ఎక్కువగా ఉందని రోప్‌వే ఆపేస్తే బతిమాలవద్దు, సిఫారసులు చేయించవద్దు.

తాడును ఎలా చూస్తారో కూడా తెలిసి ఉండాలి. పాత పద్ధతిలో మందపాటి గుడ్డను తాడు చుట్టూ వదులుగా పట్టుకుని, తాడును మెల్లగా నడిపిస్తారు. ఎక్కడైనా సన్న తీగ తెగి పైకి లేచి ఉంటే గుడ్డ పోగు దానికి చిక్కుకుంటుంది. అక్కడ ఆపి, గ్రీజు తుడిచి, ఎన్ని తీగలు తెగాయో లెక్కపెడతారు. లోపలి తీగల సంగతి గుడ్డకు అందదు. దానికి అయస్కాంత పరీక్ష చేయాలి. క్యాబిన్‌ను తాడుకు బిగించే పట్టు ఒకేచోట స్థిరంగా ఉండే రకమైతే ఆ పట్టును కొంతకాలానికొకసారి పక్కకు జరపాలి, లేకపోతే అక్కడే తాడు అలసిపోతుంది. ఈ పనులకోసమే రోప్‌వేను కొన్ని రోజులు మూస్తారు. ఆ తేదీలు ముందే చూసుకుని ప్రయాణం పెట్టుకోండి.

అలాంటి కొండల మీద టవర్లు నిలబెట్టే పనికి మన ఉత్తరాంధ్ర వెల్డర్లు, రిగ్గర్లు ఎవరైనా వెళుతుంటే, మొదటి రెండు మూడు రోజులు బరువు పని ఒప్పుకోవద్దు. ఒంటినంతా పట్టి ఉంచే సేఫ్టీ బెల్టుకు (ఫుల్ బాడీ హార్నెస్) రెండు కొక్కేలు ఉండాలి, ఒకటి తీసేటప్పుడు రెండోది తగిలే ఉండాలి. తలనొప్పితో టవర్ ఎక్కకూడదు.

క్యాబిన్ మధ్యలో ఆగిపోతే తలుపు ముట్టుకోకండి, ఊపకండి, అందరూ ఒకే వైపుకు ఒరగకండి. జార్ఖండ్‌లోని దేవ్‌ఘర్ దగ్గర త్రికూట పర్వతం మీద 2022 ఏప్రిల్ 10న ఆగిన క్యాబిన్లలో కొందరు రాత్రంతా గడపవలసి వచ్చింది. హెలికాప్టర్లతో రక్షణ మూడో రోజు వరకూ సాగింది, ముగ్గురు చనిపోయారు. అందుకే పది నిమిషాల ప్రయాణమైనా మంచినీళ్ల సీసా, ఒక పూట మాత్రలు, పిల్లలకు బిస్కెట్లు, ఒక శాలువా దగ్గర ఉంచుకోండి. ఎక్కేముందే బాత్రూముకు వెళ్లండి. చలికి ఫోను బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. ఇన్సులిన్ కూడా అక్కడే ఉంచాలి, గడ్డకడితే ఇక పనికిరాదు.

బట్టల విషయంలో ఒక్కటే. ఒంటికి ఆనుకుని నూలు బనియన్ వద్దు, చెమటకు తడిసి ఆరదు. అద్దె బూట్లలో చెయ్యి పెట్టి చూసి, లోపల తడి ఉంటే మార్చమనండి. నల్ల కళ్లద్దాలు పిల్లలకూ కావాలి.

గొండోలా టికెట్లు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి, రద్దీ రోజుల్లో ముందే అయిపోతాయి. తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకుంటే, గాలి వల్ల ఒక రోజు రోప్‌వే ఆపినా మర్నాడు వీలు చూసుకోవచ్చు. టికెట్ కొనేటప్పుడే, రోప్‌వే నడపకపోతే డబ్బు ఎలా వెనక్కి ఇస్తారో ఆ నిబంధన చదివి, ఆ పేజీని ఫోనులో దాచుకోండి.