అన్నకి ఎదురుగా చెయ్యెత్తేదెవరు? ఓపెన్ సోర్స్ టీమ్‌లో ఎన్నిక పెట్టే పద్ధతి

మా తెలుగు స్పెల్‌చెక్కర్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి (అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచి కలిసి రాసేది) మొదటి లీడర్ ఎన్నిక బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆంధ్రా మెస్ మేడమీద జరిగింది. ఆదివారం భోజనాలయ్యాక "లీడర్‌గా అన్నే ఉండాలనేవాళ్లు చెయ్యెత్తండి" అన్నారెవరో. అందరూ ఎత్తారు. ఊరికే భోజనానికని వెంట వచ్చిన రూమ్మేట్లిద్దరు కూడా ఎత్తారు. ఏడాది తిరిగేసరికి సగంమంది పని మానేశారు, అప్పుడు తెలిసింది ఎత్తినవాళ్లలో చాలామందికి ఆయన లీడర్‌గా ఇష్టమే లేదని. నోరారా అన్నా అని పిలిచే మనిషిని ఎదురుగా కూర్చుని వద్దని ఎవరంటారు చెప్పండి. తర్వాతి రెండు ఎన్నికలూ నేనే నడిపాను, అందులో నేర్చుకున్నదే ఇది.

అభ్యర్థుల మాట ఎత్తకముందే లీడర్ ఏం చేయొచ్చో ఏం చేయకూడదో ఒక పేజీలో రాసిపెట్టండి. కమిట్ హక్కు, అంటే కోడ్‌లో నేరుగా మార్పులు చేర్చే హక్కు, ఎవరిస్తారు, ఎవరు తీసేస్తారు, విరాళాల డబ్బు ఎవరడిగితే కదులుతుంది, పదవి ఎన్నాళ్లు, మధ్యలో దించాలంటే ఎలా. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే డెబియన్ వాళ్లు 1998లోనే రాజ్యాంగం పెట్టుకున్నారు, అక్కడ లీడర్ పదవి ఏడాదే, కావాలంటే డెవలపర్లు ఓటేసి మధ్యలోనే దించొచ్చు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషకి అప్పట్లో అలాంటి కాగితం లేదు. 2018 జులైలో దాన్ని సృష్టించిన గైడో వాన్ రాసమ్ వారసుడి పేరు చెప్పకుండా తప్పుకుంటే, ఇకపై ఏ పద్ధతిలో నడవాలో తేల్చుకోవడానికే డిసెంబరు దాకా పట్టింది, నడిపించే అయిదుగురి కమిటీ, స్టీరింగ్ కౌన్సిల్, ఎన్నికయ్యేసరికి 2019 వచ్చేసింది.

ఆ తర్వాత ఓటర్ల జాబితా. గొడవంతా ఇక్కడే, కాబట్టి తొందరపడొద్దు. కమిట్లు లెక్కపెడితే చాలనిపిస్తుంది గానీ, మా దగ్గర రెండేళ్లుగా సంధి తప్పులు ఏరి పంపుతున్న ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉన్నారు, ఆయన పేరున ఒక్క కమిట్ లేదు. ఆయనకి ఓటు లేకపోతే ఎన్నికెందుకు? సర్వర్లలో ప్రోగ్రాముల్ని నడిపే కుబర్నెటీస్ ప్రాజెక్టులో గడిచిన ఏడాదిలో 50 కాంట్రిబ్యూషన్లు ఉన్నవాళ్లు నేరుగా ఓటర్లు, అంతకు తక్కువున్నా పని చేశామనుకునేవాళ్లు ఫారం నింపి మినహాయింపు అడగొచ్చు. మేం ఆ రెండో దారిని ఉన్నదున్నట్టు తీసుకున్నాం. ఇంకోటి, నామినేషన్లు మొదలయ్యే రోజుకే జాబితా మూసేయండి. ఒకసారి చివరి వారంలో ఒక అభ్యర్థి తన ఆఫీసు నుంచి ఆరుగురిని తెచ్చి చేర్పించాడు, తలా ఒక కామా సరిదిద్ది మేమూ కాంట్రిబ్యూటర్లమే అన్నారు.

ఆఫీసు అంటే గుర్తొచ్చింది. బెంగళూరులో రిఫరల్ బోనస్ పుణ్యమా అని స్నేహితులంతా మెల్లగా ఒకే కంపెనీలో తేలతారు, మీరు కమిటీని ఎన్నుకుంటుంటే అది ఆ కంపెనీ టీమ్ మీటింగ్ అయిపోతుంది. పైథాన్ కౌన్సిల్లో ఒకే కంపెనీ నుంచి ఇద్దరికి మించకూడదు, లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ వాళ్ల ఫౌండేషన్ బోర్డులో 40 శాతం దాటకూడదు. మీరూ ఏదో ఒక అంకె ముందే రాసుకోండి. మనిషి మంచివాడే కావచ్చు, రేపు లేఆఫ్ వచ్చినా, ఓపెన్ సోర్స్ పని చేయొద్దని కంపెనీ అన్నా కమిటీ మొత్తం ఒకేసారి ఖాళీ అవుతుంది.

షెడ్యూలు పెద్ద విషయం కాదు. నామినేషన్లకి వారం, ప్రశ్నలకి రెండు మూడు వారాలు, ఓటుకి రెండు వారాలు. ఎన్నిక నడిపే మనిషి పోటీ చేయకూడదు. ఎవరూ ముందుకు రాకపోతే కంగారొద్దు, 2019లో డెబియన్‌కే గడువులోపు ఒక్క నామినేషన్ రాలేదు, వారం పొడిగించారు, అభ్యర్థులు వచ్చారు.

ఓటు రహస్యంగా ఉండాలి, బ్యాలెట్‌లో "వీళ్లెవరూ వద్దు" అన్న గడి కూడా ఉండాలి. మన ఎన్నికల్లో నోటాకి ఎన్ని ఓట్లు పడ్డా అభ్యర్థుల్లో ముందున్నవాడే గెలుస్తాడు, డెబియన్‌లో అలా కాదు, ఆ గడి నిజంగానే గెలవొచ్చు, అప్పుడు మళ్లీ మొదటి నుంచి ఎన్నిక. పైగా అక్కడ కోరం, అంటే కావాల్సిన కనీస ఓట్ల లెక్క, కూడా దీనితోనే ముడిపడింది: మొత్తం డెవలపర్ల సంఖ్యకి వర్గమూలం తీసి, అందులో సగాన్ని మూడు రెట్లు చేస్తారు. వెయ్యిమంది ఉంటే సుమారు 47. ఎవరూ వద్దనే కంటే ఈ మనిషే నయం అన్నవాళ్లు కనీసం అంతమందైనా లేని అభ్యర్థి లెక్కలోంచి పోతాడు. మీ టీమ్‌లో 24 మందే ఉంటే 8 ఓట్లు కావాలి, చిన్న టీమ్‌కి ఇది బాగానే సరిపోతుంది.

లెక్కింపు మాత్రం కాస్త ఓపికగా చదవండి. 21 మంది ఓటర్లు, రవి, సుధ, ఫణి పోటీలో ఉన్నారనుకుందాం. మొదటి ఎంపిక ఒక్కటే చూస్తే రవికి 9, సుధకి 7, ఫణికి 5, కాబట్టి రవి గెలిచినట్టే. కానీ అందరినీ వరస చెప్పమన్నాం. రవివాళ్లు 9 మందీ రెండో పేరు ఫణి అన్నారు, సుధవాళ్లు 7 మందీ ఫణే అన్నారు, ఫణివాళ్లు సుధ అన్నారు. ఇప్పుడు ఇద్దరిద్దరిని జత కట్టి చూడండి: రవి మీద ఫణి 12–9, సుధ మీద ఫణి 14–7. రవి సుధ మీద కూడా 9–12తో ఓడిపోతున్నాడు! చేతులెత్తిస్తే గెలిచేవాడు ఎవరితో విడిగా తలపడినా ఓడేవాడన్నమాట. ఇలా జతలు కట్టి చూసి, ఇద్దరినీ ఓడించిన ఫణినే గెలిపించడాన్ని కాండోర్సే పద్ధతి అంటారు. ఒక్కోసారి ఒకరి మీద ఒకరు గెలుస్తూ చక్రంలా తిరుగుతుంది, దాన్ని విడదీయడానికి షుల్జ్ పద్ధతి ఉంది, డెబియన్ వాడేది ఆ కుటుంబంలోదే. చేత్తో లెక్క కట్టే పని లేదు, ఇలాంటి ఓట్లు తీసుకుని లెక్కగట్టే సర్వీసులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

ఫలితం చెప్పాక అసలు పని. మా పాత లీడర్ ఆన్‌సైట్‌కి అమెరికా వెళ్లాడు, డొమైన్ ఆయన పేరున, రెన్యువల్ ఆయన కార్డు మీద, ఓటీపీ వెళ్లేది ఇక్కడ ఆగిపోయిన సిమ్‌కి. ఆయన తప్పేం లేదు, మేమే అడగలేదు. సైట్ 11 రోజులు పడిపోయింది. అందుకని ఇప్పుడు నామినేషన్లు తెరిచే రోజే ఒక షీటు తీస్తాం: డొమైన్, రిపాజిటరీ (కోడ్ ఉండే చోటు) అడ్మిన్, రిలీజ్ సంతకం కీ (విడుదల మాదేనని రుజువు చేసేది), మెయిల్ ఖాతా, విరాళాల ఖాతా, ఒక్కోదానికి ఇద్దరి పేర్లు. కొత్త లీడర్ వారంలోపు ప్రతిదాంట్లో లాగిన్ అయి చూపించాలి, అది అయ్యేదాకా పాత లీడర్‌కి వీడ్కోలు భోజనం పెట్టం.