పాత కారు రేడియో మరమ్మతు – 3వ పాఠం: వైబ్రేటర్ మూగబోయినప్పుడు

గత పాఠంలో రేడియోను డ్యాష్‌బోర్డు నుంచి విప్పి బల్ల మీదికి తెచ్చుకున్నాం. 1953, 1954 నాటి షెవ్రొలె కార్లలోని వాల్వు (గాజు గొట్టం) రేడియోనే ఈసారి కూడా నమూనాగా తీసుకుంటున్నాను. 1955 మోడల్‌తో ఆ కార్లు 12 వోల్టులకు మారాయి కనుక, తర్వాతి బండి ఉన్నవారు ఇక్కడి అంకెలను యథాతథంగా వాడరాదు.

వాల్వుల ప్లేట్లకు, అంటే లోపలి ధన ధ్రువాలకు, 200 వోల్టులకు పైగా కావాలి. బ్యాటరీ ఇచ్చేది 6 మాత్రమే. డీసీ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ నేరుగా పెంచలేదు కాబట్టి, దానిని సెకనుకు సుమారు 115 సార్లు అటూ ఇటూ మళ్లించే పని రేకు డబ్బాలో దాగిన ఒక సన్నని ఉక్కు పట్టీ కంపిస్తూ, తన కాంటాక్టులను (తాకి విడిపడే లోహపు మొనలను) కలుపుతూ విడదీస్తూ చేస్తుంది. వైబ్రేటర్ అంటే ఇదే. స్విచ్ వేయగానే డబ్బాలోంచి కందిరీగ రొద వంటి చప్పుడు రావాలి.

చప్పుడు రాకపోతే వైబ్రేటర్‌ను సాకెట్ నుంచి పీకి, అమ్మీటరు (కరెంటును కొలిచే మీటరు) కలిపి స్విచ్ వేయండి. అప్పుడు పారేది దాదాపుగా వాల్వులను వేడి చేసే ఫిలమెంట్ల కరెంటే. తిరిగి గుచ్చినా సూది కదలకపోతే కాంటాక్టుల మీద పొర కట్టిందని అర్థం. లోపలి స్పాంజి రబ్బరు ఏళ్ల తరబడి కుళ్లి వదిలే ఆవిరి దీనికి తరచు కారణం. సూది ఒక్కసారిగా పైకెగసి ఫ్యూజు పోతే మాత్రం కాంటాక్టులు అతుక్కుని ఉండాలి, లేదా దాని వెనుక ఎక్కడో షార్టు ఉండాలి.

చాలామంది ఇక్కడే తొందరపడతారు, నేనూ పడ్డాను. వెతికి సంపాదించిన కొత్త వైబ్రేటర్ పది నిమిషాలు పాడి, అతుక్కుపోయింది. దోషం ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి (ఎక్కువ వోల్టేజి ఇచ్చే చుట్టకు) అడ్డంగా ఉన్న బఫర్ కెపాసిటర్‌ది. కాంటాక్టులు విడిపడే క్షణాన పుట్టే వోల్టేజి తాకిడిని అదే తట్టుకుంటుంది. పాత మైనపు కాగితం కెపాసిటర్ లీకయితే ఆ భారమంతా కాంటాక్టుల మీద పడుతుంది. అందుచేత వైబ్రేటర్‌ను ముట్టుకోకముందే దీన్ని మార్చండి. విలువ సర్క్యూట్ పటంలో ఉన్నదే ఉండాలి, ఎందుకంటే అది ట్రాన్స్‌ఫార్మర్‌కు సరిపడేలా లెక్కగట్టినది. ఓర్చుకోగల వోల్టేజి 1600కు తగ్గరాదు. బజారులో సులువుగా దొరికే 630 వోల్టుల రకం ఇక్కడ నిలవదు. టంకం పెట్టేముందు, స్విచ్ తీశాక కూడా చార్జి నిలవ ఉంచుకోగల ఫిల్టరు కెపాసిటర్లను రెసిస్టరు ద్వారా ఖాళీ చేయడం మరవకండి.

తర్వాత డబ్బా అంచును మెల్లగా విప్పి, అతి సన్నని ఎమరీ కాగితపు పేలికను కాంటాక్టుల మధ్య రెండు మూడు సార్లు మాత్రమే లాగి, స్పిరిట్‌లో తడిపిన కాగితంతో తుడవండి. పట్టీని వంచరాదు, కాంటాక్టుల మధ్య సందును మార్చరాదు. రొద నిలకడగా వస్తూ కూడా స్పీకరు పలకకపోతే, మన వెతుకులాట రెక్టిఫయర్ (పెంచిన కరెంటును తిరిగి డీసీగా మార్చే భాగం) దగ్గరికి జరిగిందన్నమాట. దానిని 4వ పాఠంలో విప్పుదాం.