పాత ఇంగ్లిష్ వెండిని చదవడం – 3వ పాఠం: ఒక చెంచా, ఐదు ముద్రలు

క్రితం పాఠంలో తూకం, అయస్కాంతం దాకా వచ్చాం. ఈసారి ముద్రలు. అసలు మజా ఇక్కడే మొదలవుతుంది.

చేతిలో ఒక్క టేబుల్ స్పూన్ పెట్టుకుందాం. టీపాట్ల జోలికి ఇప్పుడే వద్దు. వాటికి అతుకులుంటాయి, మూత ఒక ఏడాదిది, కుండ ఇంకో ఏడాదిది కావచ్చు. చెంచాతో ఆ పేచీ లేదు. ఒకే వెండి కడ్డీని సాగగొట్టి చేసిన వస్తువు అది. పది రెట్లు చూపే భూతద్దం, మెత్తటి పొడి బట్ట, పక్కనుంచి పడే వెలుతురు ఉంటే చాలు. నల్లగా ఉందని ముందే పాలిష్ పెట్టి రుద్దకండి. ముద్రల సందుల్లో దిగిన ఆ నలుపే గీతల్ని స్పష్టంగా చూపిస్తుంది.

చెంచాను బోర్లించండి. కాడ వెనక, కొసకు దగ్గరగా, వరసలో ఐదు చిన్న ముద్రలున్నాయి. ఒక కాలెత్తి నడుస్తున్న సింహం. కిరీటం పెట్టుకున్న చిరుతపులి తల. ఇంగ్లిష్ స్మాల్ ఎం. కుడివైపు చూస్తున్న రాజు తల. చివర్లో కలిపిరాతలో హెచ్, బి.

సింహం అంటే స్టెర్లింగ్ అని, అంటే 1000 పాళ్లలో 925 వెండి. 1544 నుంచి కొడుతున్నారు. నగ కొనేటప్పుడు 916 వెతికే మన కళ్లకు ఇదేం కొత్త కాదు, అంకె ఉండాల్సిన చోట జంతువు ఉంది, అంతే. చిరుత తల లండన్ గుర్తు. 1773లో మొదలైన బర్మింగ్‌హామ్ పరీక్షశాలది లంగరు, అదే ఏడాది మొదలైన షెఫీల్డ్‌ది 1974 దాకా కిరీటం. లండన్ కంసాలులు తమ సరుకును గోల్డ్‌స్మిత్స్ హాల్‌కు, అంటే తమ సంఘం భవనానికి, తెచ్చి ముద్ర వేయించుకోవాలని 1478లో కట్టడి చేశారు. ‘హాల్‌మార్క్’ అనే మాట ఆ హాల్ నుంచి పుట్టిందే.

ఇక స్మాల్ ఎం. ఏ ఏటి ముద్రో చెప్పే అక్షరం ఇది. కొత్తగా నేర్చుకునేవాళ్లంతా తప్పులో కాలేసేది ఇక్కడే. పట్టిక తెరుస్తారు, ఎం కనపడగానే ఆ ఏడాది రాసేసుకుంటారు. కానీ లండన్‌లో జె వదిలేసి ఏ నుంచి యూ దాకా 20 అక్షరాలే వాడేవారు. ఏటా మే నెలాఖరుకు అక్షరం మారేది. 20 ఏళ్లు తిరిగేసరికి మళ్లీ ఏ, కాకపోతే అక్షరం తీరు వేరు. కొన్ని దశాబ్దాలకు అదే తీరు మళ్లీ వచ్చేది. మామూలు అచ్చు తీరులో ఉన్న స్మాల్ ఎం 1747లో ఉంది, 1787లో ఉంది, 1827లో ఉంది, 1907లోనూ ఉంది. మరి మన చెంచా ఏ ఏటిది?

పక్క ముద్రల్ని సాక్ష్యం అడగాలి. రాజు తల అంటే వెండి మీద పన్ను ముట్టిందని రసీదు. 1784 చివర మొదలై 1890లో పోయింది. దాంతో 1747, 1907 రెండూ ఎగిరిపోయాయి. చిరుత తలపై కిరీటం 1821 దాకానే. 1827 కూడా పోయింది. మిగిలింది 1787 ఒక్కటే, అంటే ఆ మే నుంచి మరుసటి మే దాకా. సింహాన్నీ అడగండి. మొహం మన వైపు తిప్పి చూస్తుంటే 1821కి ముందుదే. మనది చూస్తోంది.

హెచ్, బి చేసినవారి ముద్ర. అంటే లండన్ వెండి పనిమనిషి కాదు, వెండి కార్ఖానా యజమానురాలు హెస్టర్ బేట్‌మన్. భర్త తన పనిముట్లు ఈమెకు రాసిచ్చి 1760లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది సొంత ముద్ర నమోదు చేయించుకుంది, 1790 దాకా కార్ఖానా నడిపింది. తేదీ కుదిరింది. అయినా పేరు చూసి మురిసిపోకండి. ఆమె ముద్రంటే బజారులో రేటు పెరుగుతుంది, అందుకే అనుమానం కూడా పెరగాలి.

ముద్రలు చెప్పింది చెంచా ఆకారం ఒప్పుకోవాలి. సుమారు 1780 దాకా ముద్రలు కాడ మీద, గుంటకు దగ్గరున్న సన్నని చోట కొట్టేవారు. అక్కడ అవి నలిగి సాగిపోయి ఉంటాయి, చదవడం నరకం. ఆ తర్వాత కొస వైపు జరిపారు. మన చెంచాకు కొస దగ్గరే ఉన్నాయి. సరే.

ఇప్పుడు వెల్లకిలా తిప్పండి. కాడ కొస కిందికి వంగి ఉందా? ఆ నమూనా పేరు ఓల్డ్ ఇంగ్లిష్. దానికి ముందు నడిచిన హనోవేరియన్ నమూనాలో కొస పైకి లేచి ఉంటుంది. ప్రభువుల ఇళ్లలో అప్పట్లో చెంచాను బోర్లించి బల్ల మీద పెట్టేవారు. అతిథికి కనపడేది వెనక భాగమే కాబట్టి వంశచిహ్నం కూడా వెనకే చెక్కించేవారు. చెంచా వెల్లకిలా పెట్టే ఫ్యాషన్ రాగానే కొస కిందికి వంగింది, చిహ్నం ముందుకు వచ్చింది. నాకు ముద్రలకన్నా ఈ తిరుగుడే ఇష్టం. ఓ ఇంటి భోజనాల బల్ల ఎలా సర్దేవారో ఒక్క చెంచా కాడ చెప్పేస్తుంది.

చిహ్నం ఉండాల్సిన చోట నోటితో ఆవిరి ఊదండి. చెరిపేసిన గీతలుంటే ఒక్క క్షణం తేలతాయి. వేలితో నొక్కితే అక్కడ రేకు పలచగా తగులుతుంది. గుంట కొసను కూడా చూడండి. రెండు వందల ఏళ్లు కుడిచేత్తో సూప్ తాగిన చెంచాకు ఎడమ మూల అరిగి ఉండాలి. రెండు వైపులా సమంగా, కోడిగుడ్డు కొసలా ఉంటే ఎవరో మళ్లీ చెక్కి సరిచేశారన్నమాట.

ఓ ఆదివారం సంతలో నేను ముచ్చటపడి కొన్న చెంచాకు నాలుగు చిన్న డాళ్లు వరసగా ఉన్నాయి. ఇంటికెళ్లి అద్దం పెట్టి చూస్తే ఒక్కో డాలులో ఒక్కో అక్షరం: ఈ, పీ, ఎన్, ఎస్. నికెల్ మిశ్రమం మీద వెండి పూత అని దాని అర్థం. సింహం ఎక్కడా లేదు. అమ్మినాయన అబద్ధమాడలేదు, నేనే చదవలేదు.

ఇంటిపని: ఒక టేబుల్ స్పూన్‌కు సింహం, కిరీటమున్న చిరుత తల, కుడివైపు చూస్తున్న రాజు తల, మామూలు అచ్చు క్యాపిటల్ ఎన్, చేసినవారి ముద్రగా పీ, ఎస్ ఉన్నాయి. ఆ తీరు ఎన్ 1728, 1808, 1888, 1948లలో వచ్చింది. ఏ ఏడాదో తేల్చండి. ఏ ముద్రతో ఏ ఏడాదిని కొట్టేశారో కూడా రాసుకోండి. జవాబు చూసుకుని, వచ్చే పాఠంలో ఉప్పు గిన్నెల లోపల బంగారు పూత ఎందుకో చూద్దాం.